మక్కల వర్గం, షెడ్డు వర్గం, మధ్యలో అమ్మ

అప్పట్లో మా ఇంట్లో పొద్దున లేస్తే వాన మాట లేదు, కూర మాట లేదు, ఇథనాల్ మాటే. అదేమంత పాతకాలపు సంగతి కాదు, నేను డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నప్పటిది. పొలం గట్టు కోసం చీలిన ఇళ్ళను చూశాను, ఉమ్మడి గోడ కోసం మాటలు మానుకున్న అన్నదమ్ములను చూశాను. పెట్రోల్‌లో ఏం కలపాలనే దాని మీద చీలబోయిన ఇల్లు లోకంలో మాదొక్కటేనని చాలా రోజులు సిగ్గుపడ్డాను. (ఆ ఏడు మా పార్టీలో అటువంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయని తరువాత తెలిసింది. కాని ఒకసారి పడ్డ సిగ్గును వెనక్కి తీసుకోలేం కదా.) నేనసలే ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిచే రకం. రోజంతా ఎవరితోనూ అనలేని మాటలన్నీ రాత్రి డైరీలో రాసుకుని పడుకునేదాన్ని. అటువంటి దాన్ని ఆ గొడవ తీసుకెళ్ళి మేడ్చల్ చౌరస్తా నడిమధ్యన నిలబెట్టింది.

మా ఊరు శామీర్‌పేట చెరువు దాటి కొంత లోపలికి ఉంటుంది. బాపు మక్కలు (మొక్కజొన్న) పండిస్తాడు, పార్టీ పని చేస్తాడు. ఈ రెండింటిలో ఏది అసలు, ఏది కొసరు అని అడిగితే బాపు చెప్పే జవాబు వేరు, అమ్మ చెప్పే జవాబు వేరు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. మేడ్చల్ డిపో దగ్గర ఆయనకు మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది, దాని వెనక గదిలోనే కాపురం. అమ్మమ్మ, తాత పోయాక అమ్మకు తల్లిగారిల్లు అంటే ఆ షెడ్డే. ఏటా రాఖీ పున్నానికి అమ్మ తలంటు పోసుకుని, మంచి చీర కట్టుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని బస్సెక్కి అక్కడికి పోయేది. మామ స్పానర్ల మధ్య ఒక స్టూలు తుడుచుకుని కూర్చునేవాడు. అమ్మ బొట్టు పెట్టి రాఖీ కట్టేది. హారతికి మాత్రం ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చేవారు, షెడ్డు లోపల అగ్గిపుల్ల గీస్తే మామ ఒప్పుకోడు. జ్వరంతో ఉన్నా అమ్మ ఆ ప్రయాణం మానలేదు, నేను కడుపులో ఉన్నప్పుడూ మానలేదట. పెట్రోలు వాసన తగిలితే నాకు తలనొప్పి. అమ్మకు మాత్రం అది తమ్ముడి వాసన. బస్సులో ఎవరి డబ్బా నుంచైనా ఆ వాసన వస్తే ఆమె మొహం కొంచెం వెలిగేది.

మామను పార్టీలోకి తెచ్చింది బాపే. బాపు ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలన్నా నిచ్చెన ఎక్కేది మామే. ఫ్లెక్సీలో పైన పెద్ద నాయకులు, మధ్యలో బాపు, కింది వరుసలో మామ, ఎప్పుడూ అదే నల్లకళ్ళద్దాలతో, అదే నమస్కారంతో. అటువంటి ఇద్దరి మధ్యకు రాష్ట్రం ఒక నిబంధన తెచ్చింది. బంకుల్లో అమ్మే పెట్రోల్‌లో ఇథనాల్ వాటా ఇంకా పెంచాలి, అది కూడా ఇక్కడి మక్కల నుంచి, నూకల నుంచి తీసినదే కావాలి, ఏ బంకుకూ మినహాయింపు లేదు. అధికారంలో ఉన్నది మా పార్టీయే. టీవీలో ఆ వార్త వచ్చిన సాయంత్రం మామ మా ఇంట్లోనే టీ తాగుతున్నాడు.

“ఇగ మన మక్కలకు రేటొస్తది బామ్మర్దీ,” అన్నాడు బాపు. “పోయినేడు మార్కెట్‌ల కుప్పబోసి, వానకు నానవెట్టి, కోళ్ళదాన సేట్ల కాళ్ళు మొక్కినం. ఇగ గా బాధ ఉండదు.”

మామ గ్లాసు కింద పెట్టాడు. “మంచిదే బావా. గని పాత బండ్ల సంగతేంది? రబ్బరు పైపులు మెత్తవడుతయ్, కార్బురేటర్ వట్టేస్తది. నడిరోడ్డు మీద బండి ఆగితే ఎవ్వడు సర్కారును తిట్టడు. నన్ను తిడుతడు.”

“కొత్త పైపులెయ్యి. నీకే గిరాకి.”

“పైసలడిగితే నేనే ఖరాబు జేసిన్నంటరు. అయినా మనిషి తాగేది బండికి తాగిపిచ్చుడేంది బావా?”

“బండి తాగితే మంచిదే. మనిషికి తక్కువవడుతది.”

ఇద్దరూ నవ్వారు. లోపల చాటలో బియ్యం ఏరుతున్న అమ్మ కూడా నవ్వింది. ఇథనాల్ మీద మా ఇంట్లో అందరూ కలిసి నవ్వింది ఆ ఒక్క సాయంత్రమే.

తరువాత మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాలులో పార్టీ సమావేశం జరిగింది. నిబంధనను స్వాగతిస్తూ తీర్మానం చేయాలని బాపు మైకులో చెప్తుంటే వెనక వరుసలో మామ లేచి, పాత బండ్లకు మినహాయింపు అడుగుతూ అందులో ఒక్క ముక్క చేర్చమన్నాడు. గోదాముల్లో పనికి గుండ్లపోచంపల్లి దాకా పాత బండ్ల మీద పోయే పిల్లలు తన దగ్గరికి వచ్చి ఏడుస్తున్నారన్నాడు. అందులో తప్పేమీ లేదు. బాపు చెప్పినదానిలోనూ తప్పు లేదు. కాని మైకు చేతిలో ఉన్న మనిషికి జవాబు కన్నా చప్పట్లు ముందు కనిపిస్తాయి. “గ్రీజు చేతులకు నాగలి బరువు ఏం తెలుస్తది?” అన్నాడు బాపు. హాలంతా చప్పట్లు. మామ తన చేతుల వంక ఒకసారి చూసుకున్నాడట. మెడలోని పార్టీ కండువా తీసి, మడతపెట్టి, కుర్చీలో పెట్టి, బయటికి వచ్చేశాడట. ఆ చప్పట్లే బాపును చెడగొట్టాయని అమ్మ ఇప్పటికీ అంటుంది.

అక్కడి నుంచి పార్టీలో మక్కల వర్గం, షెడ్డు వర్గం అని రెండయ్యాయి. రైతులు, మిల్లుల వాళ్ళు బాపు వెంట. మెకానిక్కులు, ఆటోవాళ్ళు, పాత బండ్ల కుర్రాళ్ళు మామ వెంట. ఒక వర్గం వాళ్ళ పెళ్ళికి ఇంకో వర్గం వాళ్ళు వెళ్ళినా అక్షింతలు వేసి భోజనం చేయకుండా వచ్చేవారు (భోజనం మానుకోవడం మా వైపు చిన్న విషయం కాదు). డిపో ఎదురుగా బాపు కొత్త ఫ్లెక్సీ పడింది. కాలేజీకి పోతూ బస్సు కిటికీలోంచి చూశాను. పైన పెద్ద నాయకులు, మధ్యలో బాపు, కింది వరుసలో మామ మొహం ఉండాల్సిన చోట ఒక మక్క కంకి. చాలా నిగనిగలాడుతున్న కంకి. దాని కింద పేరు మాత్రం లేదు.

ఆ వారంలోనే బాపు ఇంట్లో ఆజ్ఞ వేశాడు. “ఇగ షెడ్డుకు ఎవ్వలు పోవద్దు. గాడు పార్టీ పరువు తీస్తుండు.”

అమ్మ అన్నం గిన్నె మూత తీస్తూ అడిగింది. “రాఖీకి?”

బాపు కొంచెం తడబడ్డాడు. రాఖీ సంగతి ఆయన ఆలోచించలేదని మొహంలోనే కనబడింది. “రాఖీ… పోస్టుల పంపు.”

“హారతి పోస్టుల ఎట్ల పంపాలె?”

బాపు పప్పులో ఉప్పు తక్కువైందని అన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. అమ్మ ఉప్పు డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. నేను అమ్మ వంక చూడలేక కంచం వంక చూశాను. కాని మరుసటి శనివారం మేడ్చల్ అంగడికి పోయినప్పుడు ఆమె రాఖీల బండి దగ్గర చాలాసేపు నిలబడి, ఎర్రదారం మీద పూసలున్న ఒకదాన్ని కొన్నది. ఏటా ఎంత సేపు వెతుకుతుందో అంత సేపూ వెతికింది. ఎట్లా కడతావని నేను అడగలేదు. తెచ్చి దేవుడి అల్మారాలో పెట్టింది. బాపు రోజూ పొద్దున దండం పెట్టుకునే చోట, సరిగ్గా ఆయన కంటికి ఎదురుగా.

ఈలోగా యాప్రాల్ నుంచి మా పార్టీ ఇన్‌చార్జి సారు ఫోన్ చేశాడు. రాఖీ నాడు మేడ్చల్ వస్తానని, మహిళా కార్యకర్తల చేత రాఖీలు కట్టించుకుంటానని, పనిలో పనిగా ఇథనాల్ మీద జనం మాట ఏమిటో కళ్ళారా చూసి పైకి రాస్తానని. కళ్ళారా అన్న మాట విన్నాక రెండు వర్గాలూ ఊరుకుంటాయా? పెద్ద నాయకుల ఫ్లెక్సీకి చౌరస్తాలో పాలాభిషేకం చేస్తామని మక్కల వర్గం ప్రకటించింది. అదే చౌరస్తాలో, అదే పూట, దిష్టిబొమ్మ తగలబెడతామని షెడ్డు వర్గం ప్రకటించింది. డివైడర్‌కు ఇటు ఒకరు, అటు ఒకరు ఉండాలన్న షరతు మీద ఎస్సై ఇద్దరికీ ఒప్పుకున్నాడు.

ఇక్కడే నా ప్రవేశం. ఊరేగింపుకు నినాదాలు కావాలి. మా ఇంట్లో తెలుగు పుస్తకాలు చదివేది నేనొక్కదాన్నే కాబట్టి బాపు నన్ను రాయమన్నాడు. అదే సాయంత్రం మామ ఫోన్ చేశాడు. “బిడ్డా, మా షెడ్డోళ్ళకు బూతులు తప్ప వేరే తెలుగు రాదు. నువ్వే రాయాలె. గని మీ బాపుకు జెప్పి రాయి, దొంగతనంగ వద్దు.” నేను వెళ్ళి బాపుకు చెప్పాను. “రాయి,” అన్నాడు బాపు. “గాళ్ళకు గూడ జెర మంచిగనే రాయి. ఎంతైన మన పార్టీయే. పరువు పోవద్దు.”

ఆ మూడు రోజులు నేను పొందిన ఆనందం చెప్పలేను. నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా మాటలను వందల మంది ఒక్క గొంతుతో అంటారన్న ఊహకే ఒళ్ళు జలదరించేది. బాపు వాళ్ళకు ‘కర్షక శ్రమస్వేదమే ఇంధన కలశమై కలకాలం వర్ధిల్లాలి’ అని రాశాను. మామ వాళ్ళకు ‘యంత్రహృదయ విధ్వంసక మిశ్రమ ఇంధన విధానం నశించాలి’ అని రాశాను. (ఇంకా ఉన్నాయి. అవి ఇక్కడ రాయను. కొంత మర్యాద మిగుల్చుకోవాలి.) మక్కల వర్గంలో నినాదాలు ఇచ్చేది మా పొరుగు చేను చాచా. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు కాబట్టి ఊరంతా ఆయనను మైకు చాచా అంటారు. కాగితం చూసి ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

“అరె బేటీ, ఇది నారా కాదు, పూరా రైలు గాడి. ఇంజన్ మేడ్చల్ వచ్చింది, ఆఖరి డబ్బా బొల్లారంల ఉన్నది.”

“ఒకసారి అలవాటైతే నినాదం అదే వచ్చేస్తుంది చాచా,” అన్నాను. అంత పొడుగు మాట నేను ఆయనతో అనడం అదే మొదలు. అందుకనే కాబోలు, ఆయన ఎదురు చెప్పలేకపోయాడు.

అటు మామకు వచ్చిన కష్టం వేరు. దిష్టిబొమ్మ అంటే ఎవరిదో ఒకరిది కావాలి. నిబంధన తెచ్చింది సొంత పార్టీ కాబట్టి ఎవరిదీ చేయడానికి లేదు. ఆఖరికి ఇథనాల్ దిష్టిబొమ్మ అని తేల్చారు. అది ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలియదు. తలకాయకు పెట్రోలు డబ్బా పెట్టారు, ఒంట్లోకి గుడ్డపేలికలు కుక్కారు. మొదట తెల్ల చొక్కా తొడిగితే అచ్చం మన నాయకుల్లా ఉందని పెద్దలు భయపడ్డారు. తీసి షెడ్డులో వేలాడుతున్న ఖాకీ చొక్కా తొడిగారు. అది చూసిన ఎస్సై బండి ఆపి, “ఏంది, మాదా?” అని అడిగాడు. ఇక బనియన్, లుంగీ ఖాయమయ్యాయి. ఆ వేషంలో అది ఎవరి మామగారిలానో ఉందని ప్రతి ఒక్కరికీ అనిపించిందట, ఎవరూ పైకి అనలేదట.

రాఖీ నాడు పొద్దుటి నుంచీ సన్నగా వాన. చౌరస్తాలో ఇటువైపు బాపు ఎత్తు స్టూలు మీద, ఫ్లెక్సీ ముందు, చేతిలో పాలడబ్బాతో. పక్కన చిన్న టెంటు కింద ఇన్‌చార్జి సారు. మహిళా కార్యకర్తల వరుసలో అందరికన్నా ముందు అమ్మ, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో కుంకుమ, మిఠాయి, పార్టీ రంగుల పెద్ద రాఖీ, ప్రమిదలో దీపం. ఆ దీపం ఆరకుండా గొడుగు పట్టడం నా పని. అటువైపు, డివైడర్ అవతల, మామ. బాపుకూ మామకూ మధ్య ఓ లారీ పట్టేంత దూరం. నేనైతే చౌరస్తా అంతా నన్నే చూస్తోందని గొడుగును వీలైనంత కిందికి దించాను. అమ్మ తల గొడుగుకు తగిలి, “దీపానికి వట్టు, నీకు గాదు,” అంది.

నినాదాలు మొదలయ్యాయి. చాచా “కర్షక శ్రమ…” అని అందుకుని, ఊపిరి పీల్చుకుని, కాగితం చూసుకున్నాడు. జనం ఎక్కడ అందుకోవాలో తెలియక నోరు తెరిచి నిలబడ్డారు. అదే సమయంలో అవతల కుర్రాడెవరో “యంత్రహృదయ…” దగ్గర చిక్కుకున్నాడు. రెండువైపులా జనం ఆఖరి మాట ఒక్కటే నేర్చుకున్నారు, ఆ మాట కోసం ఎంతసేపని ఆగుతారు? చాచా ‘కలశమై’ దాకా రాగానే అవతలి వాళ్ళు ఉండబట్టలేక “నశించాలి” అన్నారు. అవతలి కుర్రాడు ‘మిశ్రమ ఇంధన’ అనగానే ఇవతలి వాళ్ళు “వర్ధిల్లాలి” అన్నారు. రైతు చెమట నశించి, బండ్ల గుండెలు పగిలి, ఇథనాల్ ఒక్కటే క్షేమంగా మిగిలింది. ఇన్‌చార్జి సారు జేబులోంచి చిన్న కాగితం తీసి ఏదో రాసుకోబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను గొడుగు చాటున కళ్ళు మూసుకున్నాను. నా నిఘంటువు, నా మూడు రోజులు, ఆ వానలో కొట్టుకుపోతున్నాయి.

పాలు కూడా కొట్టుకుపోతున్నాయి. ఆ చౌరస్తా డిపో వైపు వాలు. బాపు ఫ్లెక్సీ మీద పోసిన పాలు నాయకుల మొహాల మీదుగా జారి, వాననీటితో కలిసి, డివైడర్ సందుల్లోంచి అటువైపుకు పారాయి, దిష్టిబొమ్మ లుంగీని తడిపాయి. మామ అగ్గిపెట్టె తీశాడు. అంటుకోలేదు. ఇంకో పుల్ల గీశాడు. అంటుకోలేదు. పక్కనున్న బండికి పైపు పెట్టి సీసాలోకి పెట్రోలు లాగి, గాలికి ఎదురుగా నిలబడి బొమ్మ మీద చల్లాడు. సగం బొమ్మ మీద పడింది, సగం ఆయన చొక్కా మీదే పడింది. ఎవరో పుల్ల వేస్తే బొమ్మ భుజం దగ్గర భగ్గుమని, తడి పేలికల్లో చుయ్యిమని ఆరిపోయింది.

“చూసిండ్రా!” అని మామ చేతులెత్తి చౌరస్తా అంతటికీ అరిచాడు. “అంటుకుంటలేదు! పెట్రోలే అంటుకుంటలేదు! గిదే గదా నేను జెప్పేది!”

నిజానికి అది ఆయన వర్గానికి ఆ రోజు దొరికిన అన్నింటికన్నా పెద్ద వాదన. షెడ్డు వర్గం ఈలలు వేసింది. ఇటు నుంచి చాచా ఒక్కడే జవాబిచ్చాడు: “అరె, అంటుకోకుంటె మంచిదే కదా, ఇల్లు కాలదు!”

సరిగ్గా అప్పుడే అమ్మ ఇన్‌చార్జి సారు చేతికి పార్టీ రాఖీ కట్టడం ముగించింది. ఆయన నమస్కారం పెట్టి, వెనక ఉన్న ఆమె కోసం చెయ్యి చాచాడు. అమ్మ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. కొంగు ముడి విప్పింది. అందులో ఎర్రదారం, పూసలు. నా వైపు తిరిగి, “రా,” అంది. ఎటు అని అడగబోయాను, ఆమె అప్పటికే డివైడర్ ఎక్కుతోంది.

స్టూలు మీది నుంచి బాపు గొంతు వచ్చింది. “ఏయ్, యాడికి?”

అమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు. “షెడ్డుకు పోవద్దన్నవ్. పోతలేను. గిది చౌరస్తా.”

చౌరస్తా అంతా ఒక్కసారి చప్పుడు లేకుండా అయింది. బస్సులు కూడా హారన్ కొట్టలేదనే నాకు గుర్తు (కొట్టే ఉంటాయి). నేను గొడుగు పట్టుకుని అమ్మ వెనకే దిగాను. మామ మమ్మల్ని చూసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, “అక్కా,” అన్నాడు. అంతవరకు అరిచిన గొంతు అది కాదు. వాళ్ళిద్దరూ నెలరోజులుగా చూసుకోలేదు. అమ్మ మామ నుదుట బొట్టు పెట్టింది. ఏటా చేసినట్టే పళ్ళెం చేతిలోకి సర్దుకుని, దీపం పైకెత్తి, ముందుకు వంగింది. రోడ్డు మీద ఉన్నాం, హారతికి అడ్డేముంది? చిన్నప్పటి నుంచి పెట్రోలులో నానిన మనిషికి తన చొక్కా మీది పెట్రోలు ఎట్లా తెలుస్తుంది? ఆ వాసనే తమ్ముడైన మనిషికి మాత్రం ఎట్లా తెలుస్తుంది? తెలిసింది నాకు. తలనొప్పి వచ్చింది కాబట్టి తెలిసింది. మామ ఛాతీ మీద తడి మరక, దానికి జానెడు దూరంలో దీపం. అరవాలి. మూడు రోజులు కూర్చుని నినాదాలు రాసినదాన్ని, ఒక్క కేక వేయలేనా? నోరు తెరిచాను. లోపలి నుంచి సన్నగా, “అమ్మా… ఇంధనం…” అని వచ్చింది. పెట్రోల్ అన్న మాట ఆ క్షణాన నాకు గుర్తుకు రాలేదు. అమ్మకు వినబడలేదు. వినబడినా అర్థమయ్యేది కాదు.

“వెనుకకు జరుగు! ఓ బామ్మర్దీ! నీ ఒంటి మీద పెట్రోలున్నదిరా!”

బాపు డివైడర్ ఎట్లా దాటాడో నేను చూడలేదు. స్టూలు పడిన చప్పుడు విన్నాను. తరువాత తెల్లగా ఏదో నా మొహం పక్క నుంచి పోయింది. చేతిలోని డబ్బాడు పాలు ఆయన పళ్ళెం మీద, దీపం మీద, మామ తల మీద ఒకేసారి కుమ్మరించాడు. దీపం ఆరింది. కుంకుమ కారి పాలన్నీ గులాబి రంగు అయ్యాయి. మామ కళ్ళు తుడుచుకోకుండా అట్లాగే నిలబడ్డాడు. బాపు ఆయన చొక్కా పట్టుకుని, వాసన చూసి, గుండీలు తెంపి ఆ చొక్కా లాగి దూరంగా విసిరేశాడు. పొద్దుటి నుంచి ఆయన పాలు పోస్తున్నది ఫ్లెక్సీ మీదే గాని, చూస్తున్నది మామ వంక అని నాకు అప్పుడు అర్థమైంది. లేకపోతే అంత దూరం నుంచి ఆ చొక్కా సంగతి ఎట్లా తెలుస్తుంది?

“నెత్తిల బుద్ధి ఉన్నదా?” అని బాపు అరుస్తూనే ఉన్నాడు. “గంత పెట్రోలు మీద పోసుకుంటవా? ఏమన్న అయితే మీ అక్కకు నేనేం జెప్పాలె?”

మామ మెల్లగా అన్నాడు. “ఇథనాల్ గలిసిన పెట్రోలు గదా బావా. అంటుకోదు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వింది ముందు ఎవరో నాకు తెలియదు. ఏడుపుకు దగ్గరగా ఉన్న నవ్వు అది, మగవాళ్ళు చౌరస్తాలో నవ్వగలిగింది అంతే. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె డివైడర్ మీద కూర్చుంది. మామను ఎదురుగా కింద కూర్చోబెట్టుకుంది. తడిసిన మణికట్టును కొంగుతో తుడిచి, ఎర్రదారం రాఖీ కట్టింది. తడి దారం ముడి పడలేదు. మళ్ళీ వేసింది. మూడోసారికి పడింది. హారతి ఈ ఏటికి లేదని చెప్పి, పాలలో తడిసిన మిఠాయి ముక్క నోట్లో పెట్టింది. ఇంకొక ముక్క తీసి బాపు నోట్లో పెట్టింది. బాపు వద్దనలేదు.

ఇన్‌చార్జి సారు అప్పటికి తేరుకున్నాడు. రెండు వర్గాలూ ఏకమయ్యాయని మైకులో ప్రకటించాడు. పైకి కూడా అదే రాశాడు. ఇథనాల్ మీద జనం మాట ఏమిటో రాయలేదట, ఆయనకు తెలియలేదు కాబోలు. నిబంధన నిబంధనగానే ఉంది. పాత బండ్ల సంగతి తేల్చడానికి పార్టీ వేసిన కమిటీలో బాపును, మామను ఇద్దరినీ పెట్టారు. ఆ కమిటీ ఎన్నడూ కూర్చోలేదు. కాని వాళ్ళిద్దరూ మాత్రం ఆ సాయంత్రమే మా ఇంట్లో కూర్చుని, పాలన్నీ చౌరస్తాలో అయిపోయాయి కాబట్టి నల్ల టీ తాగుతూ, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. పైపులు, కార్బురేటర్లు, మక్కల రేటు, కోళ్ళదాన సేట్లు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. అమ్మ లోపలి నుంచి, “అరుసుకోండ్రి, గని తిని అరుసుకోండ్రి,” అంది. ఆ గొడవ ఇప్పటికీ తేలలేదు. తేలకపోయినా ఎవరూ కండువా తీసి మడతపెట్టడం లేదు.

మర్నాడు పేపర్ జిల్లా పేజీలో ఆ ఫొటో వచ్చింది. బావ బామ్మర్దికి పాలు పోస్తున్న దృశ్యం. పాలు గాలిలో ఉన్నాయి, మామ నోరు తెరిచి ఉంది, అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. బాపు దాన్ని ఫ్రేమ్ కట్టించి ముందు గదిలో పెట్టాడు. ఇంటికి వచ్చినవాళ్ళు చూసి నవ్వుతారు, నువ్వెక్కడ అని నన్ను అడుగుతారు. ఫొటోలో ఒక మూల నల్ల గొడుగు, దాని కింద కర్ర పట్టుకున్న నాలుగు వేళ్ళు. అవి నావి. ఆ రోజు ఫొటోలు తీసేవాళ్ళను చూసి నేను ఎవరికీ కనపడకుండా చూడమని దేవుడికి గట్టిగా మొక్కుకున్నాను, ఆయన విన్నాడు. రాత్రి డైరీలో కూడా నా నినాదాలను జనం ఎట్లా ముక్కలు చేశారో పేజీలకు పేజీలు రాసుకుని, ఎవరూ నన్ను చూడలేదని సంతోషపడి పడుకున్నాను. ఇప్పుడు ఆ ఫ్రేము తుడిచినప్పుడల్లా ఆ పిల్ల మీద జాలి వేస్తుంది, కొంచెం నవ్వు కూడా వస్తుంది. గొడుగు ఓ జానెడు పైకెత్తి ఉంటే ఏం పోయేది? అమ్మ పక్కన నిలబడి ఉన్నప్పుడు నా మొహం ఎట్లా ఉందో చూడాలని ఉంది.